రంగూన్ రేవులో మనవాళ్ళు

మా హాస్టల్‌లో చదివి నేవీలో చేరిన ఒక అన్నయ్య సెలవుల్లో వచ్చినప్పుడు, తమ ఓడ రంగూన్ వెళ్ళిన సంగతి చెప్పారు. పగోడాలు, బజార్లు అన్నీ చెప్పి, చివర్లో "ఆ రేవులోనే మా ముత్తాత బియ్యం బస్తాలు మోశాడురా" అన్నారు. మేమందరం నిశ్శబ్దమైపోయాం.

కోరంగి, కాకినాడ రేవుల నుంచి వేలమంది మనవాళ్ళు బర్మా వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. 1930 మేలో రేవు కూలీలైన మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మా వాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వాళ్ళను తీసేయడంతో గొడవలై వందమందికి పైగా చనిపోయారు. లాభం కంపెనీలది, చావు ఇరువైపులా పేదలది. 1942లో జపాన్ సైన్యం రావడంతో ఎందరో అడవుల్లో నడిచి తిరిగొచ్చారు.

ఇంట్లో అడిగితే "కూలికెళ్ళిన కథలు ఇప్పుడెందుకురా" అంటారు. అది సిగ్గుపడే కథ కాదని మా అభిప్రాయం. యూనిఫారంతో దిగిన అన్నయ్య ఎంత గొప్పో, మూటతో దిగిన తాతా అంతే గొప్ప. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. రాయడం వచ్చింది కనుక రాయాల్సిందీ మనమే.

తమ్ముళ్ళూ, ఈ సెలవుల్లో ముసలివాళ్ళను అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే ఏటికి చెప్పేవాళ్ళు ఉండకపోవచ్చు.