పెట్టెల్లో మిగిలిన కాగితాలు

వ్రాతప్రతుల పరిశీలనకై విదేశీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లే పరిశోధకుని అదృష్టం, చాలావరకు, అతడు పుట్టకముందే ఎవరో తయారుచేసి పెట్టిన గ్రంథసూచి మీద ఆధారపడి ఉంటుంది. ఏ పెట్టెలో ఏ పత్రం ఉన్నదో, అది ఏ లిపిలో ఏ కాలంలో రాసినదో, ఎవరి చేతుల మీదుగా అక్కడికి చేరిందో చెప్పే వర్ణనాత్మక సూచి లేనిచోట, పత్రం భద్రంగా ఉన్నా లేనట్టే. ఈ సంగతికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని కైరో గెనీజా సంచయం గట్టి సాక్ష్యం.

గెనీజా అంటే యూదుల ప్రార్థనా మందిరంలో వాడుకకు పనికిరాని వ్రాతలను దాచే అర. దైవనామం ఉండే అవకాశమున్న కాగితాన్ని నాశనం చేయరాదన్న నియమం వల్ల, పాత కైరోలో భాగమైన ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా మందిరంలో, ధర్మగ్రంథాల శిథిలపత్రాలతో పాటు పెళ్లి ఒప్పందాలు, అప్పుపత్రాలు, సరుకుల జాబితాలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు కూడా శతాబ్దాల తరబడి పోగుపడ్డాయి. జీర్ణించిన తాళపత్రాలను నదీజలాలకు అప్పగించిన మన పూర్వుల భక్తి కూడా ఇలాంటిదే గాని, దాని ఫలితం చరిత్రకారునికి దక్కలేదు. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు తూర్పుదేశాల నుంచి కొని తెచ్చిన ఒక పత్రం, బెన్ సిరా నీతిగ్రంథపు హీబ్రూ మూలంలోనిదని కేంబ్రిడ్జిలో బోధిస్తున్న సోలమన్ షెక్టర్ గుర్తించాడు. సెయింట్ జాన్స్ కళాశాల అధిపతి చార్లెస్ టేలర్ ఇచ్చిన ధనంతో ఆ ఏడాది చివర కైరోకు ప్రయాణమై, అక్కడి ప్రధాన రబ్బీ అనుమతితో, అరలో ఉన్నదానిలో అత్యధిక భాగాన్ని కేంబ్రిడ్జికి తరలించాడు. ఆ ఇద్దరి పేర్ల మీదుగా టేలర్-షెక్టర్ సంచయం అని పిలిచే ఈ రాశిలో సుమారు 1,93,000 శకలాలున్నాయి. బ్రిటిషువారి ఆధిపత్యంలో ఉన్న దేశంలో పొందిన అనుమతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చినదన్న ప్రశ్న న్యాయమైనదే. భద్రపరిచారన్న మాట దానికి పూర్తి సమాధానం కాదు.

షెక్టర్ దృష్టి ప్రధానంగా ధర్మసాహిత్యం మీద ఉండేది. 1902లో ఆయన న్యూయార్కుకు వెళ్లిపోయిన తరువాత, అంత విలువలేనివిగా తోచిన శకలాలు పెట్టెలలోనే దశాబ్దాలపాటు ఉండిపోయాయి. 1950లలో చరిత్రకారుడు ఎస్. డి. గోయిటైన్ వాటి విలువను ఎత్తిచూపగా అవి ‘కొత్త శ్రేణి’ అనే పేరుతో వెలుగులోకి వచ్చాయి. 1974లో స్టెఫాన్ రీఫ్ నేతృత్వంలో గెనీజా పరిశోధన విభాగం ఏర్పడి సూచీకరణ క్రమబద్ధమైంది.

భారతీయ పాఠకునికి ఆసక్తి కలిగించేవి ఈ సంచయంలోని వర్తకుల ఉత్తరాలే. ట్యునీషియా తీరంలోని మహదియా నుంచి వచ్చి, 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి కాపురమున్న అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడు అక్కడ కంచు పాత్రల కార్ఖానా నడిపాడు. ఏడెన్ వర్తకులు పగిలిన పాత్రలను కరిగించి కొత్తవి చేయమని పంపేవారు, అతడు మిరియాలు, పోకచెక్కలు, ఇనుము పంపేవాడు. తాటాకు మీద రాసే ఆ సీమలో కాగితం దొరకదు కనుక ఏడెన్ మిత్రులు సరుకులతో పాటు కాగితాన్ని కానుకగా పంపేవారు. అతడు దానిని పొదుపుగా వాడి, వచ్చిన ఉత్తరాల వెనుక కూడా లెక్కలు రాసుకున్నాడు. హీబ్రూ లిపిలో రాసిన అరబ్బీ భాషలోని ఈ పత్రాల ఆధారంగానే అమితావ్ ఘోష్ 1992లో ‘ఇన్ యాన్ యాంటీక్ ల్యాండ్’ వెలువరించాడు. రాజశాసనాలు పట్టించుకోని ఈ ఇంటి లెక్కలు, పశ్చిమతీర చరిత్రకు ఎన్నో ప్రశస్తుల కంటె ఎక్కువ పనికివచ్చాయనడం అతిశయోక్తి కాదు.

ఈ శకలాల ఛాయాచిత్రాలు ఇప్పుడు చాలావరకు అంతర్జాలంలో లభిస్తున్నందున ప్రయాణం ఎందుకన్న సందేహం సహజం. ఒకే పత్రపు ముక్కలు కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్కు, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలలో చెదిరి ఉన్నందున, వాటిని జతపరిచే పనికి ఛాయాచిత్రం చేసిన మేలు అపారం. అయితే కాగితపు మందం, మడత జాడ, తోలుపత్రపు రోమభాగానికీ మాంసభాగానికీ గల తేడా, ఎదుటి వైపు నుంచి సిరా ఎంత ఊరిందన్నది తెలియాలంటే, పెన్సిలు తప్ప మరే రాతసాధనాన్నీ అనుమతించని పఠనమందిరంలో, పారదర్శక పొరల మధ్య ఉంచిన పత్రాన్ని వెలుగుకు వాల్చి చూడవలసిందే.

తెలుగువారికి పెట్టెల కథ కొత్తది కాదు. సి. పి. బ్రౌన్ 1835-38 మధ్య ఇంగ్లండులో ఉన్నప్పుడు, లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో పట్టించుకునేవారు లేక పడివున్న దక్షిణభారత భాషల వ్రాతప్రతులను, రెండువేలకు పైగా, మద్రాసుకు పంపే ఏర్పాటు చేశాడు. అయినా పరిశోధకుని ప్రయాణానికి నిధులిచ్చే సంస్థలు సూచీకరణను గుమాస్తా పనిగా చూసే అలవాటు ఇంకా పోలేదు. విదేశానికి పంపిన పరిశోధకుని నుంచి సిద్ధాంతవ్యాసం కోరినట్టే, అక్కడ అతడు చూసిన ప్రతి తెలుగు ప్రతికీ పత్రాల సంఖ్య, ఆద్యంత వాక్యాలు, లేఖకుని పేరు, ప్రతి చేతులు మారిన క్రమం రాసి ఇమ్మని కోరడం మన విశ్వవిద్యాలయాలకు అదనపు ఖర్చయ్యే పనేమీ కాదు.