సిపాయి నోటిమాట

పెరటిచెట్టు మందునకు రాదని మనవారందురు. మన వీథిలోని వృద్ధసైనికుని యెడ మన నడవడియు నట్లే యున్నది. మద్రాసు కలకత్తాల రహదారియు, హైదరాబాదు మచిలీపట్టణముల రహదారియుఁ గలియు బెజవాడ బెంజి సర్కిలు నొద్ద నిత్యము వేలకొలఁది జనులు సంచరింతురు. 1971 నాఁటి యుద్ధమునఁ బోరాడినవాఁడొకఁడు ఊఁతకఱ్ఱతో నచట దారి దాటుచున్నను గుర్తించువారెవరు?

1942 ఆగస్టు 12వ తేదీని తెనాలిలో పోలీసుల కాల్పులకు ఏడుగురు నేల కొఱగిరి. రణరంగచౌకులోని యేడు విగ్రహములు వారి త్యాగమును నేఁటికిని జాటుచున్నవి. ఇది మనకు గర్వకారణము. కాని యా కాలముననే తెలుగుపల్లెల యువకులనేకులు సైన్యమునఁ జేరి సముద్రములు దాటిరి. కొందఱు కూటికై పోయిరి. కొందఱు కొలువుపై మక్కువతోఁ బోయిరి. ఆ యుద్ధమున భారతసైన్యమునఁ బనిచేసినవారు 25 లక్షల వఱకుండిరి. అందు 87,000 మందికిఁ బైగా మరలి రాలేదు. రంగూను సమీపమున టౌక్యాన్ స్మారకమునందు సమాధియైన లేని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కఁబడి యున్నవి. పరప్రభుత్వపు కొలువు చేసిరని మనము వారిని దలఁపమైతిమి. కొలువు చేయించుకొన్న ప్రభుత్వము 1947లో తన దారిని దాను పోయెను. ఇఁక వారిని దలఁచు దిక్కెవరు?

ఒక్క యూరు మాత్ర మీ నిందకు వెలియై యున్నది. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. మొదటి మహాయుద్ధమునుండియు నింటింట సైనికులను బంపిన యా గ్రామము తనవారికి స్మారకము నిలుపుకొన్నది. ఒక పల్లె చేసిన పని పట్టణములు చేయలేవా?

యుద్ధమును గీర్తింపుఁడని మేము చెప్పుట లేదు. యుద్ధము నెఱిఁగినవాఁడు దానిని గీర్తింపఁడు. కదిలించి చూడుఁడు: తన శౌర్యమును జెప్పుకొనఁడు, ప్రక్కనఁ గూలిన మిత్రుని యూరును, పేరును జెప్పి కన్నీరు పెట్టుకొనును. ఆ పేరు నెఱిఁగిన చివరివాఁడు తానే కావచ్చును.

1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము పుట్టిన బెజవాడ యిది. 1971లో ఇరువదేండ్లవాఁడు నేఁడు డెబ్బది దాటినాఁడు. ప్రతి గ్రంథాలయమును ఒక పుస్తకమును దెఱచి, తన వీథిలోని సైనికుని బిలిచి కూర్చుండఁబెట్టి, యతఁడు పనిచేసిన పటాలమును, పోరిన తావును, కోల్పోయిన మిత్రుల పేళ్లను వ్రాసికొనవలెను. దీనికి ధనమక్కఱలేదు, ప్రభుత్వపుటుత్తరువక్కఱలేదు. ఒక సాయంకాలము, వినుటకుఁ దగిన యోపిక చాలును. రేపని వాయిదా వేయుటకు మాత్రము వ్యవధి లేదు.