జీలుగ కల్లును తాటికల్లుతో కొలవొద్దు

పై వీడియోలో జీలుగ కల్లు తాగి నేను మొహం అదోలా పెట్టింది చూసి చాలామంది "బాగలేదా అన్నా?" అని అడిగిన్రు. బాగుంది. కాకపోతే మాది వేములఘాట్. తాటి, ఈత కల్లు తప్ప నా నాలుకకు వేరేది తెల్వదు. ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది, ఆ చెట్లూ అంతే.

అల్లూరి జిల్లా మన్యంలో జీలుగ మామూలు చెట్టే. గెల గీస్తరు. ఒక్క చెట్టే రోజుకు పదుల లీటర్లు ఇస్తది. పొద్దుగాల దించింది తాగితే ముందు తీపి, పులుపు ఆలస్యంగా గొంతులో తగుల్తది. మన ఈతకల్లు ఘాటు లేదు. అట్లని పలచన అని కొట్టిపారేయొద్దు. అదే లొట్టి మధ్యాహ్నం చూస్తే వేరే కల్లు, ఈస్టు ఊరుకోదు గదా! ఏ చెట్టు, దించి ఎన్ని గంటలైంది, లొట్టికి సున్నం పూసిన్రా, ఇవి తెల్వకుండా తీర్పు చెప్పలేం.

మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల నుంచి తీసే మెజ్కాల్ సీసా మీద ఏ రకం మొక్కో, ఏ రాష్ట్రమో రాయాలని రూలే ఉంది. మన దగ్గర కల్లంటే కల్లే, అడిగేటోళ్లు లేరు. అందుకే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం, శాకరిన్ దర్జాగా కలుస్తున్నయి. మందుకల్లుకు అలవాటైన నాలుక అసలు కల్లును చప్పగుంది అంటది. గిరాకీ పోతే గౌడన్న ఎక్కడు, రైతు చెట్టు ఉంచడు.

చెట్టు కిందికే పోయి, గీసినాయన్ని అడిగి తాగండి. జవాబు రాకపోతే లొట్టి పక్కన పెట్టండి.