తెరమీద పసుపు, కాగితం మీద పాచిరంగు

క్రిందటి నెల మా అమ్మ సంవత్సరీకం. తమ్ముడి గృహప్రవేశంలో తీసిన అమ్మ ఫొటో ఒకటి ఉంది. పసుపు పట్టుచీర, మెరూన్ అంచు, నుదుట రూపాయి కాసంత బొట్టు. దాన్ని ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి తోబుట్టువులందరికీ తలా ఒకటి ఇద్దామనుకున్నాను. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉండనే ఉంది కదా!

తీరా తీస్తే ఏముంది? పసుపు చీర కాస్తా పాచిరంగుకి తిరిగింది. అమ్మ ముఖం నల్లబడి, జ్వరపడి లేచిన మనిషిలా ఉంది. మా చెల్లెలు చూసి "అక్కా, ఇది అమ్మేనా?" అంది. ప్రాణం ఉసూరుమంది.

ప్రింటర్ పాడైందనుకున్నాను. కాదట! మా అబ్బాయి చెబితే తెలిసింది. కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగులు చూపిస్తుంది. ప్రింటరేమో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలని కాగితం మీద అద్దుతుంది. ఒకటి దీపం, ఒకటి అద్దకం. రెండింటికీ మధ్య దుబాసీ ఉండాలి. ఆ దుబాసీయే కలర్ ప్రొఫైల్. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం వీటికొక పద్ధతి పెట్టింది. అందుకే ఐసీసీ ప్రొఫైల్ అంటారు.

మీరూ ఇంట్లో ఫొటోలు తీసుకునేటట్లయితే ఇవి గుర్తుంచుకోండి.

* తెర వెలుగు తగ్గించండి. తెర మరీ కాంతిగా ఉంటే ప్రింటు చీకటిగా అనిపిస్తుంది. పక్కన తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా తగ్గించాలి. తెర రంగులు కొలిచి ప్రొఫైల్ తయారుచేసే పరికరాలున్నాయి గానీ, ఏడాదికోసారి ప్రింటు తీసే మనకి కొనక్కర్లేదు.

* ప్రింటర్ ప్రొఫైల్ కాగితాన్నిబట్టి మారుతుంది. మీ కాగితానికీ, ప్రింటర్‌కీ సరిపోయేది చాలా కాగితం కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటర్‌లో కాగితం రకం కూడా సరిగ్గా ఎంచుకోవాలి. నేను గ్లాసీ కాగితం పెట్టి, మామూలు కాగితమని వదిలేశాను!

* ఫొటోషాప్ లాంటి వాటిలో రంగుల బాధ్యత ఆ ప్రోగ్రామ్‌కే ఇచ్చి, కాగితం ప్రొఫైల్ ఎంచుకోండి. అప్పుడు ప్రింటర్‌లోని రంగుల సవరణ తప్పక ఆపేయాలి. లేకపోతే అత్తా, కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు పులుసులో ఉప్పు వేసినట్టే. నేను చేసిన రెండో తప్పు ఇదే.

* ముందు చిన్న సైజులో ఒకటి తీసి, రాత్రంతా ఆరనిచ్చి, పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది.

* స్టూడియోకి ఇచ్చేవాళ్ళు ఫొటోని ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేసి ఇస్తే చాలామటుకు ఇబ్బంది ఉండదు.

రెండోసారి అన్నీ సరిచూసుకుని తీశాను. తెరమీది మెరుపంతా కాగితానికి రాదు లెండి. కానీ చీర పసుపు పసుపుగానే ఉంది. అమ్మ అమ్మలానే ఉంది. మా చెల్లెలు ఈసారి ఏమీ అనలేదు. కొంగుతో అద్దం తుడిచి, గోడకి తగిలించుకుంది.