తారలా, ఆటగాండ్రా?

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను అంతర్జాల క్రీడ 2004లో వెలువడినది. దాని ప్రకటనలలో 2007లో నటులు మిస్టర్ టీ, విలియం షాట్నర్, 2011లో చక్ నారిస్ కానవచ్చిరి. ఆ క్రీడకు భక్తకోటి యేర్పడుట వీరి చలువయేయను వాదమును మేము అంగీకరింపజాలము. తారలు రాకమునుపే, 2007 జూలై నాటికే, చందాదారులు 90 లక్షలు మించిరి. 2005లో సహచరుల వ్యూహమును లెక్కింపక, తన పేరే కేకవేయుచు శత్రువులపై దుమికి అందఱిని చంపించిన ‘లీరాయ్ జెంకిన్స్’ అను వీరుని (వీరుడనవచ్చునా?) ఏ ప్రకటనశాఖయు కల్పింపలేదు, ఆటగాండ్రే కల్పించుకొనిరి. ఆ యేడే క్రీడలోని మాయరోగ మొకటి హద్దు మీఱి అందలి నగరములకు ప్రాకగా, అంటువ్యాధుల శాస్త్రజ్ఞులు సైతము దానిని పరిశీలించిరి. తారలకిచ్చిన సొమ్ము వ్యర్థమని మేమనము; క్రొత్తవారిని వాకిటివరకు రప్పించుటకు అది చాలును. నెలనెల చందా కట్టించునది తోడి యాటగాండ్ర సాంగత్యము. 2010 అక్టోబరులో 120 లక్షలు దాటిన చందాదారులు, చక్ నారిస్ ప్రకటన వెలువడిన పిమ్మటను, 2012 జూన్ చివరకు సుమారు 91 లక్షలకు దిగిరి.