పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు

చంటిబిడ్డకు జలుబు చేసి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే ఇంటిల్లిపాదికీ ఒకటే అనుమానం: ఇది ఉబ్బసమేనా? ఒక్కసారి చూసి అవునని తేల్చేయడం తొందరపాటే. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలై, వెయ్యిమందికి పైగా శిశువులను పుట్టినప్పటి నుంచీ గమనించిన అధ్యయనంలో, మూడేళ్లలోపు కూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లు నిండేసరికి అవి ఆగిపోయాయి. పసివాళ్ల శ్వాసనాళాలు సన్నవి. ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్ సోకి అవి కాస్త వాచినా గాలి ఈల వేస్తుంది. పెరిగేకొద్దీ ఆ బెడద దానంతటదే పోతుంది. ఈలోగా మృగశిర కార్తెకు నాంపల్లిలో చేపమందు మింగించి ఉంటే ఘనత దానికి దక్కుతుంది, సిరప్పు తాగించి ఉంటే సిరప్పుకు.

అలాగని అన్నిటికీ వయసే మందు కాదు. వేరుశెనగ గింజలు తింటున్న బిడ్డకు పొలమారి, ఆ తర్వాత ఛాతీలో ఒకవైపే కూత వినిపిస్తే గింజ శ్వాసనాళంలో ఇరుక్కుందని అనుమానించాలి. అది మామూలు ఎక్స్‌రేలో కనపడదు కనుక ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్న మాటతో నిశ్చింతగా ఉండటానికి లేదు. బ్రాంకోస్కోపీ చేసి చూడాలి. పుట్టిన తొలి వారాల నుంచే కూత, పాలు తాగేటప్పుడు దగ్గు, బరువు పెరగకపోవడం, వారాల తరబడి తడిదగ్గు ఉంటే వేరే కారణం వెతకాలి. మన దేశంలో క్షయను అసలే మరవకూడదు: ఛాతీలోని గ్రంథులు వాచి నాళాన్ని నొక్కినా కూత వస్తుంది. ఉబ్బసం తీరు వేరు. జలుబు లేనప్పుడూ, తెల్లవారుజామునా, పరిగెత్తినా, అగరుబత్తి పొగ తగిలినా దగ్గూ ఆయాసమూ మళ్లీ మళ్లీ వస్తాయి. బిడ్డకు ఎగ్జిమా, తల్లికో తండ్రికో ఉబ్బసం ఉంటే అనుమానం బలపడుతుంది.

నెబ్యులైజర్ పెట్టగానే తగ్గింది కదా, ఇంకేం రుజువు కావాలంటారు కొందరు. వైరస్ వల్ల వచ్చిన కూత కూడా కొందరిలో దానికి తగ్గుతుంది. ఊపిరి ఊదించి చేసే స్పైరోమెట్రీకి అయిదేళ్లలోపు పిల్లలు చాలామంది సహకరించలేరు. కాబట్టి లక్షణాలు నడిచిన తీరే పెద్ద ఆధారం. ఆ తీరు స్పష్టంగా ఉబ్బసాన్నే చూపుతున్నా, ఆడపిల్ల పెళ్లి సంబంధాల బెంగతో ఇంట్లోవాళ్లు ఆ పేరు వద్దంటే, డాక్టరు ‘అలర్జిక్ బ్రాంకైటిస్’ అని రాసి సరిపెట్టడం మాత్రం దయ కాదు. బిడ్డకు అవసరమైన ఇన్‌హేలర్ అందక, అక్కర్లేని యాంటీబయాటిక్‌లు పడతాయి. పీల్చే స్టెరాయిడ్‌ను ఏళ్ల తరబడి వాడితే ఎత్తులో సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చన్నది నిజమే. అవసరం లేని బిడ్డకు ఇవ్వకపోవడానికి అది కారణమే కానీ, అదుపు తప్పిన ఉబ్బసం ప్రాణం మీదికి తెస్తుంది కనుక, కావలసిన బిడ్డకు మానేయడానికి కాదు.

డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. మిగతా రోజుల్లో కూత ఎప్పుడు, దేని తర్వాత వచ్చిందో రాసిపెట్టుకోండి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.