కుమ్మరి సారె ఎవరిది?

ఎండాకాలం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో రంజన్ కొనని ఇల్లు తక్కువ. ఆ రంజన్ ఎవరు చేశారంటే మగవాడి పేరే చెబుతాం. మరి మట్టిలో రాళ్లు ఏరి, నానబెట్టి, తొక్కిందెవరు? ఆరబెట్టి, జేగురు పూసి, ఆవం దగ్గరికి మోసిందెవరు? ఆడది సారె ముట్టకూడదని చాలాచోట్ల ఆనవాయితీ. సారె తిప్పినవాడే కుమ్మరి, మిగతాదంతా ‘సాయం’!

అసలు సారె లేకపోతే కుండ కాదా? మణిపూర్‌లోని తోంగ్‌జావ్‌లో స్త్రీలు సారె లేకుండానే చేస్తారు. అక్కడ కుండ తిరగదు, దాని చుట్టూ ఆమే తిరుగుతుంది. ఆ ఊరి నీలమణీ దేవికి 2007లో పద్మశ్రీ ఇచ్చారు. నగరాల స్టూడియోల్లోనూ మట్టిని తాళ్లలా పేని, పలకలుగా పరిచి అతికి, చేత్తోనే పాత్రలూ శిల్పాలూ కడుతున్నారు. దాన్ని కళ అంటారు, అడుగున కళాకారిణి సంతకం ఉంటుంది. మంచిదే. బట్టీ కొనే స్తోమతున్న కొద్దిమందికైనా ఆ పేరు దక్కింది.

కుమ్మరి ఇంటి ఆడవాళ్ల సంగతేమిటి? 2023లో కేంద్రం తెచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కుమ్మరం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. కానీ కుటుంబానికి ఒక్కరికే! భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబమట. స్త్రీ దరఖాస్తు పెట్టకూడదని ఎక్కడా రాయలేదు, నిజమే. రాయాల్సిన అవసరమేముంది? ఇంటికి ఒక్క కార్డే అన్నాక అది సారె ఉన్న చేతికే పోతుంది. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఇద్దరికీ విడివిడిగా కార్డు, శిక్షణ, అప్పు ఇవ్వాలని అడగాలి.